ఊరికి పనికొచ్చిన వ్యాపారి పేరు మీద ఏం చేయాలి, ఎలా చేయాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నలుగురికీ పనికొచ్చిన వ్యాపారి కన్నుమూస్తే ఇంటివాళ్లతోపాటు వర్తక సంఘం, గుడి కమిటీ, బడి పూర్వ విద్యార్థులు అందరూ ఆయన పేరు మీద ఏదో ఒకటి చేయాలనుకుంటారు. మొదటి నెలలో డబ్బుకీ మనుషులకీ లోటుండదు. మూడో ఏడు వచ్చేసరికి ఆ పని ఎవరు చూడాలో తెలియక ఆగిపోతుంది. ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వీటి గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపాం. రాసినవారి పేర్లు, పోయినవారి పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా సంఘానికి చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న పెద్దాయన పోయారు. బియ్యం వ్యాపారి. తుపాను వస్తే ముందు బయల్దేరే లారీ ఆయనదే. సంస్మరణ సభ పెడుతున్నాం. ఇదివరకు మా ఊళ్లో ఇలాంటి సభలు మూడు నాలుగు గంటలు సాగి, చివరికి ఇంటివాళ్లే మిగిలేవారు. ఎలా నడపాలి? – వర్తక సంఘం కార్యదర్శి, నరసన్నపేట

గంటన్నరకు మించనివ్వకండి. సభ సాగిపోవడానికి అసలు కారణం వక్తల సంఖ్య కాదు, అందరూ ఒకే మాట చెప్పడం. 'చాలా మంచివారు, ఎవరినీ నొప్పించేవారు కాదు' అని ఏడుగురు వరసగా చెబితే ఎనిమిదో మనిషికి జనం లేచిపోతారు. అందుకే వక్తలను పదవులు చూసి కాదు, ఆయన జీవితంలో వాళ్లు చూసిన వైపు చూసి ఎంచుకోండి. ధాన్యం అమ్మిన రైతు ఒకరు, కొట్లో గుమస్తా ఒకరు, హమాలీ ఒకరు, ఆయనతో పోటీపడిన వ్యాపారి ఒకరు, తుపాను సాయంలో వెంట తిరిగిన కుర్రాడు ఒకరు, సంఘం తరఫున ఒకరు, బంధువొకరు. ఏడుగురు చాలు. రెండు రోజుల ముందే ఫోన్ చేసి 'మీరు ఈ సంగతే చెప్పాలి, ఐదు నిమిషాలు' అని ఒక్కొక్కరికీ స్పష్టంగా చెప్పండి. హమాలీ మైకు ముందు తడబడతాడనుకుంటే పక్కన ఒకరిని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించండి. సభలో అందరూ గుర్తుపెట్టుకునే మాటలు చాలాసార్లు అతనివే అవుతాయి.

గంటన్నరను ఇలా పంచుకోండి. దీపం, పూలు, మౌనం కలిపి 10 నిమిషాలు. జీవిత విశేషాలు చదవడానికి 10. ఏడుగురికి 35. ఆయన పేరు మీద సంఘం ఏం చేయబోతోందో చెప్పడానికి 10. కుటుంబం తరఫున 5. మిగిలిన 20 నిమిషాలు జనమంతా వరసలో వచ్చి పటానికి పూలు వేయడానికి. చాలామంది ఈ చివరి భాగానికి సమయమే ఉంచరు. పూలు వేద్దామని వచ్చిన పల్లె జనం బస్సు వేళకు వెళ్లిపోతారు.

రోజు విషయానికొస్తే, పెద్దకర్మ అయ్యాక నెల లోపు, బజారు వారపు సెలవునాడు, ఉదయం పదిన్నరకు పెట్టుకోండి. పెళ్లి ముహూర్తాల రోజుల్లో కల్యాణ మండపం దొరకదు, దొరికినా పక్క హాలు బ్యాండు మేళం మీ సభలోకి వస్తుంది. శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్, విజయనగరంలో ఆనందగజపతి ఆడిటోరియం లాంటివి కావాలంటే ముందుగానే అడిగి ఖాయం చేసుకోవాలి. ఆరుబయట మైకు పెడితే పోలీసు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల లోపు లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు.

నాయకులు వస్తే గౌరవంగా వేదిక మీదికి పిలిచి, వాళ్ల వంతుకు అందరిలాగే ఐదు నిమిషాలు ఇవ్వండి. వాళ్ల కోసం మాత్రం సభ ఆపకండి. ఆ వేదిక మీద శాలువాలు, జ్ఞాపికలు వద్దు. ఆరోజు సన్మానం ఒక్కరికే.

పటం దగ్గర తప్పులు ఎక్కువ జరుగుతాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను రెండడుగుల వెడల్పుకు పెంచితే ముఖం మసకబారుతుంది, ఎందుకంటే వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది. ఒరిజినల్‌ను 'డాక్యుమెంట్'గా పంపించుకోండి. 24 అంగుళాలకు 36 అంగుళాల పటం దగ్గరి నుంచి కూడా బాగుండాలంటే ఫొటో సుమారు 3600కి 5400 పిక్సెళ్లు ఉండాలి. పాత ప్రింటే ఉంటే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. అద్దానికి అతుక్కున్న పాత ఫొటోను లాగకండి, అద్దంతోనే స్కాన్ చేయిస్తే సరిపోతుంది. గజమాల వేస్తే సన్నటి స్టాండు ముందుకు వాలుతుంది కాబట్టి పటాన్ని వెనక గోడకో బల్లకో తాడుతో కట్టండి. దీపం దగ్గర ఫ్యాను ఆపండి. మౌనం రెండు నిమిషాలంటే గడియారం చూసి మొదలు, ముగింపు చెప్పే మనిషి ఒకరుండాలి. లేకపోతే అర నిమిషానికే కుర్చీల చప్పుడు మొదలవుతుంది.

ప్రశ్న: మా మావయ్యగారి జీవిత విశేషాలు నాలుగు పేజీలు రాశాను. చదివితే పొగడ్తలే కనిపిస్తున్నాయి, మనిషి కనిపించడం లేదు. వివరాలు ఎక్కడ దొరుకుతాయి? – ఉపాధ్యాయిని, విజయనగరం

మనిషి కనిపించడం లేదని మీకే తోచింది కాబట్టి సగం పని అయినట్టే. సభలో చదవడానికి 10 నిమిషాలంటే తొమ్మిది వందల మాటలు దాటకూడదు. విశేషణాలు తీసేసి, చూసిన పనులు పెట్టండి. 'దానకర్ణుడు, విద్యాదాత' అని రాసినచోట 'జూన్‌లో బడి తెరిచే వారం ముందే నోటు పుస్తకాల కట్టలు కొట్టు అరుగు మీద పెట్టించేవారు, ఎవరు ఎన్ని పట్టుకెళ్లారో రాయించేవారు కాదు' అని రాస్తే వినేవాడికి అరుగుతో సహా కనిపిస్తుంది.

వివరాలు కొట్టులోనే ఉంటాయి. పాత చిట్టా (రోజువారీ పద్దులు), ఆవర్జా (ఖాతాలవారీ పద్దులు) పుస్తకాలు చూస్తే ఏ ఏడు ఏ సరుకుతో మొదలుపెట్టారో, ధర్మం ఖాతా కింద ఏం రాశారో తెలుస్తుంది. సంఘం మినిట్స్ పుస్తకాల్లో ఆయన ప్రతిపాదించిన తీర్మానాలు తేదీలతో దొరుకుతాయి. లైసెన్సులు, గుడి చందా రసీదులు, బడి శిలాఫలకాలు కూడా చూడండి. పుట్టినతేదీ పదో తరగతి సర్టిఫికెట్లో ఒకటి, జాతకంలో ఒకటి ఉండటం ఆ తరంలో మామూలే. ఇంటివాళ్లను అడిగి ఒకదాన్నే అన్నిచోట్లా వాడండి. ఆహ్వానంలో ఒకటి, శిలాఫలకం మీద ఇంకొకటి పడకూడదు.

పెద్దవాళ్లు ఏడాదులు చెప్పలేరు, తుపానులు చెబుతారు. అది మీకు పనికొస్తుంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటాయి. 'హుద్‌హుద్‌లో ఉద్దానం కొబ్బరి తోటలన్నీ పడిపోయినప్పుడు' అని ఎవరైనా చెబితే బహుశా తిత్లీ గురించి చెబుతున్నారు, ఎందుకంటే ఉద్దానం శ్రీకాకుళం జిల్లాలో పలాస వైపు తీర ప్రాంతం. ఇంకొకరిని అడగండి. జిల్లాల విషయంలోనూ జాగ్రత్త. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. 1942లో పుట్టిన మనిషి విశాఖపట్నం జిల్లాలో పుట్టినట్టే. రాజాం 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది, అంతకుముందు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది.

'జిల్లాలో మొట్టమొదటి', 'అందరికన్నా పెద్ద' లాంటి మాటలకు కాగితం ఆధారం లేకపోతే కొట్టేయండి. అప్పు మాఫీ చేసిన కుటుంబాల పేర్లు, ఫీజు కట్టిన పిల్లల పేర్లు వాళ్ల అనుమతి లేకుండా రాయకండి. ఆయన గుట్టుగా చేసిన సాయాన్ని మైకులో చెబితే ఆ కుటుంబం తలదించుకోవలసి వస్తుంది. చిన్న పుస్తకంగా అచ్చు వేయించాలనుకుంటే ఇంకొక మాట: ఫోన్లో టైపు చేసింది యూనికోడ్, చాలా ప్రెస్సుల్లో వాడేది అను ఫాంట్లు. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. ప్రూఫు తెర మీద కాదు, కాగితం మీద తీయించి చూడండి. ఒకసారి మొత్తం, రెండోసారి పేర్లు, తేదీలు మాత్రమే.

ప్రశ్న: సభకు సాయపడినవారికి, ఆయన దగ్గర పనిచేసినవారికి తర్వాత చిన్న జ్ఞాపిక ఇవ్వాలనుంది. ప్లాస్టిక్ షీల్డులు వద్దు. – పొందూరు

మీ ఊళ్లోనే ఉంది కదండీ. పొందూరు ఖద్దరు కండువా కన్నా మంచిది మాకు తోచడం లేదు. అయితే అది చేత్తో వడికి, చేత్తో నేసేది. వారం ముందు యాభై కావాలంటే దొరికేది వేరే బట్ట. నెలా రెండు నెలల ముందే చెప్పండి. మొదటిసారి ఉతికాక కాస్త ముడుచుకుంటుంది కాబట్టి కొలత కొంచెం పెద్దది చెప్పండి. పెద్ద వస్తువు కావాలంటే బుడితి కంచు పాత్ర ఉంది. పేరు అడుగున చెక్కించండి. లోపల చెక్కిస్తే తోమేటప్పుడు మురికి పట్టి నల్లబడుతుంది. బొబ్బిలి వీణ నమూనా అందంగా ఉంటుంది గానీ, పనిచేసుకునేవాళ్ల ఇంట్లో రోజూ వాడుకోగలిగిన వస్తువే నయం.

ప్రశ్న: ఆయన విగ్రహం మా జంక్షన్‌లో పెట్టాలని కుర్రాళ్లు పట్టుబడుతున్నారు. చందాలు కూడా మొదలయ్యాయి. అనుమతి ఎవరివ్వాలి? – ఆమదాలవలస

చందాలు ఆపండి. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. పంచాయతీ తీర్మానం, ఎమ్మెల్యే సిఫార్సు ఉన్నా ఆ ఆదేశాన్ని దాటలేవు. రాత్రికి రాత్రి దిమ్మె కట్టి ముసుగు వేసినా, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు తీసేస్తారు. బతికున్నంతకాలం ఎవరితోనూ మాట పడని మనిషి బొమ్మ జేసీబీ ముందు పడి ఉండటం మీరు చూడలేరు.

విగ్రహమే కావాలంటే సొంత స్థలంలో పెట్టండి. సంఘం భవనం ఆవరణ, ఆయన కట్టించిన సత్రం, కుటుంబం ఇచ్చిన స్థలం ఏదైనా సరే, స్థలం యజమాని రాతపూర్వక ఒప్పుదల ముందు తీసుకోండి. నిలువెత్తు సిమెంటు బొమ్మకన్నా ఛాతీవరకు చేసిన కంచు బొమ్మ ఎక్కువ కాలం ఆగుతుంది. సిమెంటు బొమ్మలో లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, పైన పగుళ్లు తేలతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది. మట్టి నమూనా దశలోనే ఇంటివాళ్లను శిల్పి దగ్గరకు తీసుకెళ్లి పక్కనుంచి కూడా చూపించండి. ముఖం పోలిక రాలేదని అచ్చు పోశాక చెబితే చేసేదేమీ ఉండదు. శిల్పికి ఎదురుగా తీసిన ఫొటో ఒక్కటే ఇవ్వకుండా రెండు పక్కల ఫొటోలూ ఇవ్వండి.

శిలాఫలకానికి టెక్కలి నీలి గ్రానైట్ మన ప్రాంతపు రాయే, దిమ్మెకు చాలా బాగుంటుంది. కానీ దాని మీద మచ్చలుంటాయి, చిన్న అక్షరాలు కలిసిపోతాయి. అక్షరాలు చెక్కే పలకకు మచ్చలేని నల్లరాయి వాడండి. పది అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం కనీసం అంగుళం ఎత్తుండాలి, తెలుగులో ఒత్తులకు వరసల మధ్య ఇంకాస్త జాగా వదలాలి. రెండడుగులకు మూడడుగుల పలక మీద పది పన్నెండు వరసలకు మించితే ఎవరూ చదవరు. పేరు, జనన మరణ తేదీలు, చేసిన పనుల్లో రెండు మూడు, అంతే. ఆవిష్కర్తల పేర్లు పెద్దవిగా, పోయినాయన పేరు చిన్నదిగా ఉన్న ఫలకాలు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. మీరు అలా చేయకండి.

ప్రశ్న: తొలి వర్ధంతికి మూడు వందల మందితో రక్తదాన శిబిరం పెట్టాలని అనుకుంటున్నాం. ఏర్పాట్లు ఏమిటి? – యువజన సంఘం, రాజాం

మూడు వందల మంది ముందుకు రావడం గొప్ప విషయం. ఒకేరోజు మాత్రం వద్దు. తీసిన రక్తం మామూలు సంచిలో 35 రోజులే నిలవుంటుంది, విడదీసిన ఎర్రకణాలు 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులు. మూడు వందల సంచులు ఒక్కసారి వస్తే కొన్ని గడువు దాటి పారబోయాల్సి వస్తుంది, తర్వాతి నెలలో అదే ఊళ్లో రక్తం కోసం పరుగులు పెడతారు. 60, 70 మంది చొప్పున ఏడాదికి నాలుగు శిబిరాలు పెట్టండి. ఒకటి వర్ధంతికి, ఒకటి పుట్టినరోజుకు, ఒకటి తప్పకుండా మే నెలలో. కాలేజీలకు సెలవులుండి దాతలు తగ్గేది అప్పుడే. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు మళ్లీ ఇవ్వొచ్చు. నెగెటివ్ గ్రూపులవాళ్లను శిబిరంలో ఖర్చుపెట్టకండి. పేరు, ఫోను రాసుకుని, అవసరం వచ్చినప్పుడు పిలిచేందుకు ఆ జాబితాను బ్లడ్ బ్యాంకుకు ఇవ్వండి.

లైసెన్సున్న బ్లడ్ బ్యాంకుతో మూడు నాలుగు వారాల ముందే మాట్లాడి, ఎన్ని సంచులు వాడగలరో వాళ్లనే చెప్పమనండి. ఐదు మంచాలుంటే గంటకు పదిహేను, ఇరవై మంది అవుతారు, కాబట్టి 70 మందికి నాలుగు గంటల పైన పడుతుంది. ఉదయం 8కి మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి. హాలుకు ఆగని కరెంటు, చేతులు కడుక్కునే నీళ్లు, ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు వెళ్లే దారి ఉండాలి. మంచాల పక్కనే భోజనాల బల్ల పెట్టకండి.

దాతకు 18 ఏళ్లు నిండాలి, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆడపిల్లల్లో చాలామంది ఈ 12.5 దగ్గరే ఆగిపోతారు. వాళ్లను అందరిముందూ 'పనికిరాలేదు' అనకుండా, పక్కకు పిలిచి ఏం తినాలో, ఎప్పుడు మళ్లీ చూపించుకోవాలో చెప్పే మనిషిని పెట్టండి. కళ్లుతిరిగి పడిపోవడం ఎక్కువగా ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లకు, మంచం మీంచి గబుక్కున లేచినవాళ్లకు జరుగుతుంది. వచ్చేముందు ఇడ్లీయో ఉప్మావో తిని రమ్మని ముందురోజే మెసేజ్ పెట్టండి. ఇచ్చేముందు అర లీటరు నీళ్లు తాగించండి. అయ్యాక పావుగంట కూర్చోబెట్టి అరటిపండు, బిస్కెట్లు, పళ్లరసం ఇచ్చి పంపండి. బండి తాళం ఆ పావుగంట మీ దగ్గరే ఉంచుకున్నా తప్పులేదు. ఖరీదైన బహుమతులు ప్రకటించకండి. బహుమతి కోసం వచ్చినవాడు జబ్బు దాస్తాడు.

ప్రశ్న: మా నాన్నగారు నేత్రదానం గురించి ఊరూరా చెప్పేవారు. ఆయన పోయినప్పుడు ఆ హడావుడిలో మాకే గుర్తురాలేదు. ఇకముందు మా వీధిలో ఎవరికీ అలా జరగకుండా ఏం చేయాలి? – చీపురుపల్లి

ఆయన చెప్పిన పనిని కొనసాగించడమే ఆయనకు సరైన గౌరవం. మరణం జరిగిన ఆరు గంటల్లోపు కళ్లు సేకరించాలి. ప్రతిజ్ఞా పత్రం లేకపోయినా దగ్గరి బంధువులు ఒప్పుకుంటే చాలు. బృందం వచ్చేలోపు రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టండి, ఫ్యాను ఆపండి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి. పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, ముఖం ఏమీ మారదు. షుగరు ఉన్నా, శుక్లాల ఆపరేషను అయినా, కళ్లద్దాలున్నా ఇవ్వొచ్చు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, రేబిస్ ఉంటే తీసుకోరు. ఇంటివాళ్లకు ఆ వేళ గుర్తురాదు కాబట్టి గుర్తుచేసే బాధ్యత ఇంటి బయటివాళ్లకు ఇవ్వాలి. వీధికి ఇద్దరు, అంత్యక్రియల సామగ్రి అమ్మే కొట్టువాళ్లు, అంతిమయాత్ర వాహనం డ్రైవర్లు, వీళ్ల దగ్గర నేత్రసేకరణ కేంద్రం నంబరు ఉండేలా చూడండి.

ప్రశ్న: జీడిపప్పు వ్యాపారంలో ఉన్న మా బాబాయి పేరు మీద ఉద్దానంలో మంచినీళ్ల ప్లాంటు పెడదామనుకుంటున్నాం. సలహా ఇవ్వండి. – పలాస

ముందు ఆ ఊరికి వెళ్లి కుళాయి చూడండి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపుల ద్వారా ఉద్దానానికి తెచ్చే పథకం వచ్చింది. ఆ నీరు రోజూ వచ్చే ఊళ్లో ఇంకో ప్లాంటు అక్కర్లేదు. రాని ఊళ్లో అయితే నీటిని ముందు పరీక్ష చేయించండి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిదని తాగునీటి ప్రమాణం. అంతకన్నా బాగా తక్కువున్న నీటికి ఆర్వో పెడితే డబ్బూ నీళ్లూ వృథా. గంటకు వెయ్యి లీటర్లిచ్చే ప్లాంటు దాదాపు అంతే నీటిని బయటికి వదులుతుంది. ఆ నీరు ఎటు పోతుందో ముందే చూసుకోకపోతే నాలుగు నెలల్లో పక్కింటివాళ్లు తగువుకు వస్తారు.

చెడిపోయేది యంత్రం కాదు, ఏర్పాటు. వడపోత కార్ట్రిడ్జులు కొన్ని నెలలకోసారి, ఆర్వో పొరలు (మెంబ్రేన్లు) రెండు మూడేళ్లకోసారి మార్చాలి. కరెంటు బిల్లు, చూసే మనిషి జీతం ప్రతి నెలా ఉంటాయి. ప్లాంటుకు ఎంత పెడుతున్నారో అందులో కనీసం సగం నిర్వహణకు బ్యాంకులో వేయలేకపోతే మొదలుపెట్టకండి. ఇంకొకటి, 'కిడ్నీ జబ్బు రాకుండా చేసే నీళ్లు' అని బోర్డు రాయకండి. ఉద్దానంలో చాలామందికి వస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు.

మేం చెప్పేది వేరే పని. డయాలిసిస్ రోగికి వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం తప్పదు. మూడుసార్లయితే నెలకు పన్నెండు, పదమూడు రాకపోకలు. వైద్యం ఉచితంగా అందినా ఆటో కిరాయి, తోడు వెళ్లేవారి కూలి ఇంటి మీదే పడతాయి. కంచిలి, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఒక రూటు ఎంచుకుని, డయాలిసిస్ వేళలకు సరిపోయేలా ఒక బండి నడపండి. తొమ్మిది, పది మంది రోగులకు ఒక బండి చాలు. తిరుగు ప్రయాణంలో నీరసంగా ఉంటారు, ఆనుకుని కూర్చునే సీట్లుండాలి, ఆలస్యమైతే ఆగే డ్రైవరుండాలి. ఏడాదికి ఎంతవుతుందో డీజిలు, జీతం, బీమా, రిపేర్లు వేసి ముందు లెక్కకట్టండి. మూడేళ్ల డబ్బు చేతిలో ఉన్నాకే మొదటి ట్రిప్పు వేయండి. సగంలో ఆపితే వాళ్లకు అసలు లేనప్పటికన్నా కష్టం.

ప్రశ్న: ఆయన చదివిన ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఏటా బహుమతి ఇవ్వడానికి రెండు లక్షలు పోగుచేశాం. హెడ్మాస్టరుగారి పేరున డిపాజిట్ చేస్తే సరిపోతుందా? – పూర్వ విద్యార్థులు, శ్రీకాకుళం

సరిపోదు. ఇలాంటి నిధులు ఎక్కువగా పోయేది అక్కడే. హెడ్మాస్టరు బదిలీ అవుతారు, రసీదు బీరువాలో ఉండిపోతుంది, గడువు తీరిన డిపాజిట్టును ఎవరూ పట్టించుకోరు. పదేళ్లు ఎవరూ అడగని డబ్బును బ్యాంకు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి పంపేస్తుంది. తిరిగి తెచ్చుకోవచ్చు, కానీ కాగితాలన్నీ చూపించాలి. పొదుపు ఖాతా అయితే రెండేళ్లు లావాదేవీ లేకపోతేనే స్తంభిస్తుంది.

ఖాతా సంస్థ పేరున ఉండాలి. పూర్వ విద్యార్థుల సంఘాన్ని 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోండి, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. లేదా ట్రస్టు దస్తావేజు రాయించి సబ్‌రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయించండి. సొసైటీలో ఎన్నికలుంటాయి, కొత్తవాళ్లు వస్తారు, గొడవలూ వస్తాయి. ట్రస్టులో స్థిరత్వం ఉంటుంది, కానీ ట్రస్టీలు ముసలివాళ్లయ్యాక వాళ్ల తర్వాత ఎవరో దస్తావేజులో రాయకపోతే ఆగిపోతుంది. మీరు ఇరవై ముప్పై మంది కలిసి చేస్తున్నారు కాబట్టి సొసైటీ మేలు. పాన్ తీసుకోండి. చెక్కు మీద ముగ్గురిలో ఇద్దరి సంతకం ఉండాలి, ఆ ముగ్గురిలో కుటుంబం నుంచి ఒకరికి మించకూడదు. చందాదారులకు పన్ను రాయితీ కావాలంటే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ దగ్గర విడిగా నమోదుండాలి, నగదుగా 2,000 రూపాయలు దాటి ఇచ్చిన చందాకు ఆ రాయితీ రాదు.

ఇక లెక్క. రెండు లక్షలకు 6.5 శాతం వడ్డీ వస్తే ఏటా 13,000. మొత్తం పంచేస్తే పదేళ్లకు అదే 13,000 ఉంటుంది, ధరలు మాత్రం పెరిగిపోయి ఉంటాయి. 9,000 ఇచ్చి 4,000 అసలులో కలపండి. వడ్డీ రేటు తగ్గిన ఏడు బహుమతి తగ్గించండి, అసలు ముట్టుకోవద్దని నిబంధనలో రాసుకోండి.

నిబంధన కూడా ఊహకు వదలకండి. 'పేద, ప్రతిభగల విద్యార్థికి' అని రాస్తే ప్రతి ఏడూ తగువే. 'ఈ బడిలో పదో తరగతి రాసి, తండ్రిగానీ తల్లిగానీ కూలి, హమాలీ, తోపుడుబండి పని చేస్తున్నవాళ్ల పిల్లల్లో ఎక్కువ మార్కులు వచ్చిన అమ్మాయికి. మార్కులు సమానమైతే గణితం చూడాలి. అర్హులు లేని ఏడు డబ్బు అసలులో కలపాలి' అని ఉంటే హెడ్మాస్టరు ఎవరైనా పది నిమిషాల్లో తేల్చేస్తారు. డబ్బు ఆగస్టు 15కి కాకుండా, ఇంటర్ చేరేముందు జూన్‌లో చేతికందాలి. ఫీజు కట్టాల్సిన రోజుల్లో రాని డబ్బు ఆ అమ్మాయికి జెండా వందనం రోజు చప్పట్లకే పనికొస్తుంది.

తండ్రి పేరు మీద పెట్టిన సంస్థ తరాలపాటు ఎలా నిలుస్తుందో చూడాలంటే విజయనగరంలో విద్యాసంస్థలు నడిపే మాన్సాస్ ట్రస్టు ఉంది. పి.వి.జి. రాజుగారు 1958లో తండ్రి అలక్ నారాయణ గజపతి పేరున దాన్ని స్థాపించారు. అంత ఆస్తి మన దగ్గర ఉండదు, కానీ పేరుతోపాటు దాన్ని నడిపే ఆదాయాన్నీ ముందే కట్టిపెట్టడం రెండు లక్షల నిధికైనా వర్తిస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారి మిల్లు ఆయన చివరి రోజుల్లో మూతపడింది. కొందరు కార్మికులకు గ్రాట్యుటీ అందలేదు. వర్ధంతికి పెద్ద ఎత్తున అన్నదానం, దుప్పట్ల పంపిణీ చేద్దామని అన్నయ్య అంటున్నాడు. ముందు బకాయిలు తీర్చాలని నేను. ఏం చేయమంటారు? – ఒక కుమార్తె, విజయనగరం జిల్లా

మీరే సరిగ్గా ఆలోచిస్తున్నారమ్మా. బాకీ ఉన్న మనిషికి దుప్పటి ఇస్తే తీసుకుంటాడు, కానీ మీ నాన్నగారి గురించి ఇంటికెళ్లి మంచిమాట చెప్పలేడు.

గ్రాట్యుటీ అంటే పని మానేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇవ్వాల్సిన డబ్బు. దాని లెక్క కష్టం కాదు. ఐదేళ్లు నిండిన కార్మికుడికి ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, ఆపై సర్వీసు ఏళ్లతో గుణించాలి. 13,000 వేతనం, 20 ఏళ్ల సర్వీసు అయితే ఏడాదికి 7,500 చొప్పున లక్షా యాభై వేలు. హాజరు పట్టీలు, జీతాల పుస్తకాలు, పీఎఫ్ రికార్డులు మూడూ పక్కపక్కన పెట్టి పేర్ల జాబితా చేయండి. పీఎఫ్‌లో పేరు ఒకలా, పుస్తకంలో ఇంటిపేరు లేకుండా ఇంకోలా ఉండటం ప్రతి మిల్లులోనూ ఉంటుంది. పాత మేస్త్రీని కూర్చోబెట్టుకుంటే ఎవరు ఎవరో చెబుతారు. చనిపోయిన కార్మికుల పేర్లు కొట్టేయకండి, ఆ డబ్బు వాళ్ల వారసులది.

వారసులుగా మీ బాధ్యత సాధారణంగా మీకు వచ్చిన ఆస్తి మేరకే ఉంటుంది. మిల్లు కంపెనీగా నమోదై ఉంటే లెక్క మారుతుంది. ఆడిటరుకూ లాయరుకూ ముందు చూపించండి. ఒక్కసారి అందరికీ ఇవ్వలేకపోతే పెద్ద వయసువాళ్లకు, భర్త పోయిన ఆడవాళ్లకు ముందు ఇచ్చి, మిగిలినవాళ్లకు వాయిదాల తేదీలు కాగితం మీద రాసివ్వండి. చెల్లింపు బ్యాంకు ద్వారానే, కార్మిక శాఖ అధికారి ఎదుట ఒప్పందం రాసుకుని చేయండి. చేతికి నగదిచ్చి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే రేపు ఇద్దరికీ చిక్కే.

వర్ధంతినాడు మీరు పెట్టే సభలో చెప్పవలసింది ఆ జాబితా పూర్తయిందన్న సంగతి. పూర్తికాకపోతే ఇంకా ఎంతమంది ఉన్నారు, ఏ నెలకు ముగిస్తారన్నది చెప్పండి. డబ్బు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఇస్తారు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పాత గుర్తింపు కార్డుల్లో ఏవి తేవాలి, ఎవరిని కలవాలి అన్నవి ఒక్క పేజీలో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, మిల్లు గేటుకూ కార్మికులుండే వీధుల్లో టీ కొట్లకూ నెల ముందే అంటించండి. వేరే ఊళ్లకు వలసపోయినవాళ్లకు కబురు అక్కడి నుంచే వెళ్తుంది. దాని తర్వాత డబ్బు మిగిలితే అన్నయ్య అన్నట్టు అన్నదానం పెట్టుకోండి.